పాలిచ్చే తల్లికి నొప్పి ఉండదా?

2002లో నాకు కూతురు పుట్టింది. పెద్దాపరేషన్. ఎనిమిదో రోజున తెనాలిలో అమ్మ వాళ్ళింటికి తీసుకొచ్చారు. ఎడమ పక్కకి ఒత్తిగిలితే కుట్లు లాగేవి. లేచి కూచుని పాలిద్దామంటే పిల్ల కాళ్ళు సరిగ్గా కోత మీదే తన్నేవి. పిల్ల నోరు పెట్టిన మరుక్షణం పొత్తికడుపులోంచి మెలిపెడుతూ ఇంకో నొప్పి లేచేది. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు గర్భసంచి ముడుచుకుంటుందనీ, అది మంచిదేననీ తర్వాత ఎక్కడో చదివాను. అప్పుడు మాత్రం పిల్ల ఏడుపు వినబడితే ముందు భయం వేసేది. ఈ మాట ఇరవై ఏళ్ళకి పైగా ఎవరికీ చెప్పలేదు. కన్నకూతురి ఏడుపు వింటే భయం వేసిందని ఏ తల్లి చెబుతుంది?

డిశ్చార్జి కాగితంలో నొప్పి మాత్ర రోజుకి మూడు అని రాసి ఉంది. అమ్మ ఆ మాత్రల షీటు తీసి బీరువాలో పెట్టేసింది. "పాలిచ్చేదానివి. నువ్వు మింగిందల్లా దానికి దిగుతుంది. నాలుగు రోజులు ఓర్చుకోవే తల్లీ, మేమంతా ఓర్చుకోలేదూ?" అంది. పిల్లల డాక్టర్ని అడిగితే, "ఎందుకొచ్చిన రిస్కు, తప్పదనుకుంటేనే వేసుకోండి" అన్నాడు. తప్పదని ఎవరనుకోవాలో చెప్పలేదు. మందుల షాపు అబ్బాయి అందరికంటే తెలివైనవాడు. "వేసుకున్న పూట పాలు పిండి పారబొయ్యండి మేడం, ఈ డబ్బా పాలు కలిపి పట్టండి" అని సలహాతో పాటు డబ్బా కూడా కౌంటరు మీద పెట్టాడు.

అమ్మని నేను తప్పు పట్టను. నిజానికి ఆ ముగ్గురిలో ఒక శాస్త్రీయ విషయం చెప్పింది అమ్మే. మందు పాలలోకి వెళ్తుంది. ఎంత వెళ్తుంది, వెళ్ళింది బిడ్డని ఏమైనా చేస్తుందా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన చదువు చదువుకున్నది అమ్మ కాదు.

నలభై అయిదో రోజున పిల్లకి టీకా వేయించాం. జ్వరం వస్తుందని నర్సు చుక్కల మందు ఇచ్చింది. ఇంటికొచ్చి సీసా మీది చిన్నక్షరాలు చదివాను. పారాసిటమాల్. ఏదో అనుమానం వచ్చి బీరువా తీసి, దాచిపెట్టిన షీటు కూడా చదివాను. పారాసిటమాల్. నాకు పాలిస్తున్నానన్న కారణంగా నిరాకరించిన మందునే ఆ పాలు తాగే పిల్ల నోట్లో నేరుగా పోశాం! నా పాల ద్వారా దానికి చేరేది, ఆ చుక్కల్లో ఇచ్చిన మోతాదు కంటే చాలా తక్కువ. ఈ సంగతి ఆ ఇంట్లోకి వచ్చిపోయిన చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. నేను ఎం.ఏ., ఎం.ఫిల్. చేసిన మనిషిని. నేనూ అడగలేదు.

ఇదంతా పాత కథ అనుకునేదాన్ని. కిందటేడు ఒక రాత్రి పదకొండు గంటలకి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. నల్లగొండ జిల్లా అమ్మాయి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. "మేడం, ఒక్క గోలీ ఏసుకుంటే పాపకేమన్న ఐతదా? షాపాయన ఏస్కోవద్దన్నడు. మా అత్తమ్మ ఓర్సుకో అంటది. నాకైతే కూసోనీకే వస్తలేదు" అంది. ఆ గోలీ పేరు అడిగాను. మళ్ళీ అదే పారాసిటమాల్.

ఇరవై మూడేళ్ళలో ఆపరేషన్ థియేటర్లు మారాయి. కుట్లు వేసే దారం మారింది. కాన్పు గదికి ఏసీ వచ్చింది. ఆ రాత్రి పదకొండు గంటల ప్రశ్న మాత్రం మారలేదు. ఈ మధ్యకాలంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళ సంఖ్య ఎంత పెరిగిందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. దేశ సగటు 21.5. అంటే తెలుగు నేల మీద సగం మంది తల్లులు కోసిన పొట్టతోనే పాలివ్వడం మొదలుపెడుతున్నారు. ఈ ఆపరేషన్లలో ఎన్ని అవసరం, ఎన్ని ముహూర్తాల కోసం, ఎన్ని బిల్లు కోసం అన్న చర్చ కొంతైనా జరిగింది. కోసి పంపించాక ఆ కోత నొప్పికి ఏం చేయాలన్న చర్చ జరగలేదు. మామూలు కాన్పయినా అంతే. అక్కడ కుట్లు వేస్తే కూచోవడమే నరకం. చనుమొనలు పగిలి నెత్తురు వస్తే, పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయితే, జ్వరం వస్తే... వీటికి మన దగ్గర ఉన్న మందు ఒక్కటే. ఓర్పు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి వాక్యాల్ని అనుమానించడం అలవాటు. మందుల షీటు వెనకా, లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లోనూ ఇంగ్లీషులో కనిపించే వాక్యం మీకూ తెలిసే ఉంటుంది. పాలిచ్చే తల్లులు వైద్యుల సలహా మేరకే వాడాలి, లేదా పాలిచ్చే తల్లుల విషయంలో భద్రత నిర్ధారణ కాలేదు. చదవడానికి జాగ్రత్త చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఈ వాక్యంలో కర్త ఎవరు? నిర్ధారించాల్సింది ఎవరు? ఎందుకు నిర్ధారించలేదు? వైద్యుడు దేన్ని చూసి సలహా చెప్పాలి? ఆ కాగితాన్ని చూసేగా! కంపెనీ డాక్టరు వైపు చూపిస్తుంది. డాక్టరు 'రిస్కెందుకు' అంటాడు. షాపువాడు డబ్బా పాల వైపు చూపిస్తాడు. రేపు ఏదైనా జరిగితే కంపెనీ బాధ్యత లేదు, డాక్టరు సంతకం లేదు, షాపువాడు ముందే వద్దన్నాడు. అందరూ సురక్షితంగా ఉన్నారు. భద్రత సమాచారం అంటే ఎవరి భద్రత గురించిన సమాచారమో ఇప్పుడు అర్థమవుతుంది.

పైగా ఆ కాగితమైనా మనదాకా వస్తుందా? మందుల షాపులో పది మాత్రల షీటుని కత్తెరతో నాలుగుకి కత్తిరించి, బ్రౌన్ కవర్లో వేసి, దాని మీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తారు. ఒక్కోసారి కత్తెర సరిగ్గా మందు పేరు మీదుగానే పోతుంది. ఏం మింగుతున్నామో తెలుసుకునే హక్కు ఆ కత్తెర దగ్గరే ఆగిపోతోంది.

సరే, నిజంగానే ఎవరికీ తెలియదా? తెలుసు. అదే నా కోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి అత్యవసర మందుల జాబితాలో ఏవి పాలిచ్చే తల్లి వాడొచ్చో, ఏవి వాడకూడదో చెబుతూ 2002లోనే ఒక పుస్తకం వేశాయి. నేను తెనాలిలో పక్కకి తిరగలేక పడుకున్న ఏడాది! 2006లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం లాక్ట్‌మెడ్ అనే సమాచార నిధిని తెరిచింది. ఒక్కొక్క మందు పాలలోకి ఎంత వస్తుందో, తాగిన బిడ్డల్లో ఏం కనిపించిందో, బదులుగా ఇంకేం వాడొచ్చో అందులో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ఇంగ్లీషు వస్తే. 2015 నుంచి అమెరికాలో కొత్త నియమం అమల్లోకి వచ్చాక, మందుతో పాటు ఇచ్చే సమాచారంలో పాలిచ్చే తల్లుల కోసం విడిగా ఒక భాగం ఉండాలి. పాలలోకి ఎంత వస్తుంది, బిడ్డ మీద ప్రభావం ఏమిటి అన్నవి రాయాలి. సమాచారం లేకపోతే లేదని అయినా రాయాలి.

ఈ సమాచారం చెప్పేది అర్థం కానంత పెద్ద శాస్త్రం కూడా కాదు. తల్లి మింగిన మందు ముందు ఆమె నెత్తుట్లోకి వెళ్తుంది. అక్కడ ప్రొటీన్లకి గట్టిగా అంటుకునే మందు పాలలోకి కొంచెమే జారుతుంది. తల్లి బరువుని బట్టి ఆమె మోతాదు, బిడ్డ బరువుని బట్టి బిడ్డకి చేరిన మోతాదు లెక్కగట్టి పోలుస్తారు. అది పది శాతం లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదంటారు. నొప్పికీ వాపుకీ వాడే ఐబుప్రోఫెన్ విషయంలో ఒక్క శాతం కూడా ఉండదు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఈ రెండూ పాలిచ్చే తల్లికి మొదట ఇవ్వదగ్గ నొప్పి మందులని వైద్య సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఐబుప్రోఫెన్‌తో ఇబ్బంది. అది తల్లి ఆరోగ్యానికి సంబంధించిన జాగ్రత్త. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, జబ్బుతో ఉన్న బిడ్డ విషయం వేరు, అక్కడ డాక్టర్ని అడిగి తీరాలి. మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేశారు కాబట్టి పాలు పారబోయాలన్నదీ అపోహే. తల్లికి తెలివొచ్చి బిడ్డని పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు. రొమ్ములో గడ్డకట్టి వాచినప్పుడు పాలివ్వడం ఆపకూడదు, ఆపితే ముదురుతుంది.

ఇంకో సంగతి. నొప్పితో, భయంతో బిగుసుకుపోయిన తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుంది. పాలని బయటికి నెట్టే ఆక్సిటోసిన్ విడుదలని నొప్పి అడ్డుకుంటుంది. బిడ్డ పాల కోసమని నొప్పి ఓర్చుకోమంటారే, ఆ ఓర్పే పాలకి అడ్డం పడుతుంది! ఆ మీదట "దీనికి పాలు పళ్ళేదు" అన్న మాట కూడా పడాల్సింది ఆ తల్లే.

మనకీ మందుల ప్రయోగాలకీ ఉన్న పాత సంబంధాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలని పోగుచేస్తే, హైదరాబాదు నుంచి స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి నిలదీశారు. తమకి ఇచ్చేది ప్రయోగంలో ఉన్న మందని ఆ స్త్రీలకి ఎవరూ సరిగ్గా చెప్పలేదని తేలింది. 1986లో సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. గర్భం రాకుండా ఆపాలంటే మన శరీరాలు ప్రయోగశాలలు. మరి మన నొప్పి తగ్గించాలంటే? 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, బిడ్డల్ని కనగలిగే వయసు స్త్రీలని మందుల తొలి దశ పరీక్షల నుంచి తప్పించమంది. థాలిడోమైడ్ విషాదం తర్వాత వచ్చిన భయం అది. భయంలో అర్థం ఉంది. కానీ 1993లో ఆ నియమాన్ని మార్చేదాకా ఏం జరిగింది? మగవాళ్ళ శరీరాల్లో పరీక్షించిన మందునే స్త్రీలూ మింగారు. పాలిచ్చే తల్లుల్ని ఆ తర్వాత కూడా మందుల పరీక్షల్లోకి రానివ్వలేదు. రానివ్వలేదు కాబట్టి సమాచారం లేదు. సమాచారం లేదు కాబట్టి భద్రత నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాలేదు కాబట్టి వాడొద్దు. ప్రయోగానికి లాక్కుపోవడం, ప్రయోగం నుంచి గెంటేయడం రెండూ ఒకే చూపులోంచి పుట్టాయని నాకనిపిస్తుంది. రెండుచోట్లా స్త్రీ ఒక పాత్ర మాత్రమే, బిడ్డ ఉండే పాత్రో, పాలు ఉండే పాత్రో.

ఏటా ఆగస్టు మొదటి వారంలో పోస్టర్లు వెలుస్తాయి. తల్లిపాలు అమృతం. ముర్రుపాలు తొలి టీకా. 2016లో కేంద్ర ప్రభుత్వం తల్లిపాల ప్రచార కార్యక్రమానికి 'మా' అని పేరు పెట్టింది. మదర్స్ అబ్సల్యూట్ అఫెక్షన్. తల్లి సంపూర్ణ ప్రేమ! పాలివ్వడం శరీరం చేసే పని అని ఒప్పుకుంటే ఆ శరీరానికి తిండి, నిద్ర, సెలవు, నొప్పికి మందు కావాలని ఒప్పుకోవాలి. ప్రేమ అనేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. తల్లిపాలు మంచివి కావని నేను అనడం లేదు. పాలడబ్బాల వ్యాపారాన్ని కట్టడి చేస్తూ 1992లో వచ్చిన చట్టం, 2003లో దాన్ని మరింత బిగించడం, ఈ దేశం చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ చట్టం వల్ల డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాయక తప్పదు. కానీ డబ్బా మీద ఆ మాట ఉంది, నొప్పి మాత్ర మీద మాత్రం వాడొద్దని ధ్వనించే మాటే ఉంది. నొప్పి భరించలేని తల్లి ఈ రెంటి మధ్య నిలబడి ఏం చేస్తుంది? డబ్బా కొంటుంది. ప్రకటన నిషేధించిన సరుకుని అమ్మిపెట్టడానికి అజ్ఞానం చాలు, ప్రకటన అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈ వ్యాసం మొదట విన్న మిత్రురాలే అంది, "నువ్వు అన్ని మాత్రలూ మింగెయ్యమంటున్నట్టుంది" అని. లేదు. అన్నీ సురక్షితమనడం కూడా ఆ 'వాడొద్దు' అన్నంత బద్ధకమైన మాటే. 2006లో లాన్సెట్ పత్రికలో కెనడా శిశువు మరణం గురించి ఒక నివేదిక వచ్చింది. తల్లి కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు వాడింది. కొందరి శరీరం కోడీన్‌ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, అది పాల ద్వారా చేరి బిడ్డ చనిపోయిందన్నారు. 2017లో అమెరికా నియంత్రణ సంస్థ పాలిచ్చే తల్లులు కోడీన్, ట్రమడాల్ వాడొద్దని హెచ్చరించింది. ఆ తర్వాత అసలు ఆ మరణ కారణం మీదే గట్టి సందేహాలు వచ్చాయి. పాలలోంచి అంత మందు చేరడం సాధ్యం కాదని టాక్సికాలజీ నిపుణులు వాదించారు. అదే బృందం ఆ కేసు మీద రాసిన వ్యాసాల్ని కెనడాలో రెండు పత్రికలు 2020లో ఉపసంహరించుకున్నాయి. పద్నాలుగేళ్ళ పాటు 'తల్లి పాలే విషమయ్యాయి' అన్న కథ లోకమంతా తిరిగింది. తన పాలే చంపాయన్న ఆ కథతో ఆ తల్లి ఎన్నేళ్ళు బతికిందో ఊహించండి. అయినా సరే, ఈ రకం మందులు బిడ్డని మత్తుగా చేయగలవు, వీటితో జాగ్రత్తగా ఉండాల్సిందే. మన దగ్గర ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ కలిసిన మాత్రలు చాలా మామూలుగా రాస్తారు. బిడ్డ లేపినా లేవకుండా, పాలు తాగకుండా మగతగా ఉంటే, ఊపిరి భారంగా ఉంటే వెంటనే తీసుకురమ్మని ఎంతమందికి చెబుతున్నారు? పారాసిటమాల్‌కి భయపెట్టడానికి ఉన్న నోరు ట్రమడాల్ దగ్గర మూతపడుతుంది.

నిమెసులైడ్ కథ ఇంకా మన ఇంటి కథ. అమెరికాలో ఎప్పుడూ అనుమతి పొందని మందు. యూరప్‌లో దానితో ఇచ్చే సమాచారం పాలిచ్చే తల్లి వాడకూడదని స్పష్టంగా చెబుతుంది. మన ప్రభుత్వం 2011లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి దాన్ని నిషేధించింది, 2025 డిసెంబరులో 100 మిల్లీగ్రాములు దాటిన మాత్రల్ని నిషేధించింది. పన్నెండేళ్ళ లోపు పిల్లవాడికి ఇవ్వకూడనిది పన్నెండు రోజుల బిడ్డ తల్లికి ఊళ్ళో ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇస్తే ఆమె ఎలా కనిపెట్టాలి? పొట్లం మీద పేరుండదు. ఇక కలగలుపు మాత్రలు. వాటిలో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు దాటకూడదని 2011లో నియమం పెట్టాల్సి వచ్చింది. పేరు వేరు కాబట్టి మందు వేరనుకుని, ఆ మాత్రా వేసుకుని, జ్వరానికని మళ్ళీ 650 మాత్రా వేసుకునే స్త్రీలు నాకు తెలుసు. ఆ దెబ్బ కాలేయం మీద పడుతుంది.

కాబట్టి నేను అడుగుతున్నది తెగింపు కాదు, పేర్లు. ఏది వేసుకోవచ్చు, ఎంత, ఏది వద్దు, ఎందుకు వద్దు, దానికి బదులు ఏది. డిశ్చార్జి కాగితం వెనక తెలుగులో అర పేజీ పట్టే విషయం. ఎనభై శాతం కాన్పుల్ని కత్తితో చేసి లక్షల్లో బిల్లు వేసే ఆస్పత్రులకి ఆ అర పేజీ అచ్చు ఖర్చు భారమా?

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చినప్పుడు, మన శరీరం గురించి మన భాషలో, మన ప్రశ్నల నుంచి మొదలుపెట్టి మాట్లాడుకోవచ్చని తెలిసింది. డాక్టర్లూ, డాక్టర్లు కానివాళ్ళూ కలిసి కూచుని రాసిన పుస్తకం. దాని తర్వాత మనం ఏం చేశాం? కవిత్వం బాగా రాశాం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాస్తే ప్రసవ వేదన మొదటిసారి స్త్రీ గొంతులో వినబడింది. అయితే లేబర్ రూం తలుపు తెరుచుకుని బయటికొచ్చాక మొదలయ్యే నొప్పి మన సాహిత్యంలో ఎక్కడుంది? బాలింత గది మీద, పథ్యం పేరుతో పెట్టే అర్ధాకలి మీద, పగిలిన చనుమొన మీద మనం రాసింది ఎంత? మాతృత్వాన్ని ఆకాశానికెత్తే భావజాలాన్ని ఎదిరించే ఊపులో, పాలిచ్చే స్త్రీని పోస్టర్లకీ, పిల్లల డాక్టర్లకీ, ఆగస్టు వారోత్సవాలకీ వదిలేశామేమో. ఆమె గురించి మాట్లాడితే మాతృత్వాన్ని కీర్తించినట్టవుతుందన్న జంకు నాలోనూ ఉండేది. నా కూతురి ఏడుపు విని భయపడిన సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది అందుకే.

ఆ నల్లగొండ అమ్మాయి అప్పటికే నాలుగు రోజులుగా డబ్బా పాలు పడుతోంది. పాప రొమ్ము పట్టడానికి పేచీ పెడుతోందని ఏడ్చింది. నాకు తెలిసిన గైనకాలజిస్టుకి ఆ రాత్రే ఫోన్ చేసి, ఆమె చెప్పిన మాత్ర, మోతాదు, ఎన్ని గంటలకొకటి, ఏ మందులు వద్దు, బిడ్డలో ఏం గమనించాలి అన్నీ తెలుగులో రాసి, మర్నాడు ఆమెకే చూపించి దిద్దించి పంపించాను. సరిగ్గా అర పేజీ వచ్చింది. వారం తిరిగేసరికి అది ఆ అమ్మాయి తోటికోడలికీ, ఆస్పత్రిలో పక్క మంచం ఆమెకీ, వాళ్ళ నుంచి ఇంకెవరెవరికో వెళ్ళింది. ఒకామె నాకే ఫోన్ చేసింది. "అమ్మా, మీరు రాసింది చూపిస్తే మా ఇంట్లో నమ్ముతలేరు. కింద డాక్టర్ సంతకం లేదంటున్నరు. జర పెట్టించి పంపుతరా?" అని అడిగింది.

గైనకాలజిస్టుని అడిగాను. "అందులో ఉన్నదంతా కరెక్టే. నా పేషంట్లకి నేనూ అదే చెబుతాను. సంతకం మాత్రం వద్దు, ఏమనుకోకు" అంది.